తెల్ల మార్బుల్‌లా కనిపించే క్వార్ట్జ్: వంటగట్టుకు, బాత్రూమ్‌కు కొనేముందు చూసుకోవాల్సినవి

అడిగిన సంగతి ఇదీ: కొత్త ఫ్లాట్. 10 అడుగులు, 7 అడుగుల ఎల్ ఆకారపు కిచెన్, రెండు బాత్రూమ్‌లు. కలకట్టా మార్బుల్‌లా బూడిదరంగు చారలున్న తెల్ల క్వార్ట్జ్ నచ్చింది. షాపులో "వేడికి ఏం కాదు, మరక పట్టదు, జీవితాంతం ఢోకా లేదు" అన్నారు. ఇంట్లో రోజూ పోపులు, పులుసులు, పసుపు. వేయించుకోవచ్చా?

బాత్రూమ్‌లకు నిశ్చింతగా వేయించుకోండి. కిచెన్‌కూ వేయించుకోవచ్చు గానీ, స్టవ్ ఉండే మూడడుగుల దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి. షాపువాళ్ల మూడు మాటల్లో మరక సంగతి ముప్పావు నిజం, వేడి సంగతి తప్పు, మూడోది అమ్మకం మాట.

ముందు ఆ రాయి ఏమిటో తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. స్ఫటిక రాయిని పొడి, రవ్వగా చేసి, పాలిస్టర్ రెజిన్ అనే ప్లాస్టిక్ జిగురు, రంగులు కలిపి, గాలి తీసేసిన గదిలో కంపింపజేస్తూ నొక్కి, ఆపైన 80, 90 డిగ్రీల వేడిలో గట్టిపరుస్తారు. ఈ పద్ధతి ఇటలీకి చెందిన బ్రెటన్ కంపెనీది. మన దగ్గర అచ్యుతాపురం సెజ్‌లోనూ, హైదరాబాద్ పక్కన మేకగూడలోనూ పోకర్ణ వాళ్లు నడిపే ఫ్యాక్టరీలు ఆ యంత్రాలతోనే పలకలు తీస్తాయి. బ్రోషర్‌లో "93 శాతం సహజ క్వార్ట్జ్" అని గొప్పగా రాస్తారు. అది బరువు లెక్క. రెజిన్ చాలా తేలిక కాబట్టి, బరువులో 7 శాతం ఉన్న రెజిన్ ఘనపరిమాణంలో దాదాపు ఏడో వంతు ఉంటుంది. అంటే మీరు చెయ్యి వేసే ప్రతి చోటా రాతి రవ్వల మధ్య ప్లాస్టిక్ ఉంది. రాయికి గీత పడదు, పులుపు అంటదు, నీళ్లు ఇంకవు. ఈ రాయికి వచ్చే తంటాలన్నీ ఆ ప్లాస్టిక్‌కు వచ్చేవే.

వేడి దగ్గరికి వద్దాం. 150 డిగ్రీలు దాటాక రెజిన్ రంగు మారడం మొదలవుతుంది. తెల్ల పలక మీద అది లేత పసుపు గుండ్రంగా కనిపిస్తుంది. మరక కాదు కాబట్టి తుడిస్తే పోదు, పాలిష్ పట్టినా పూర్తిగా పోదు. మన వంటింట్లో దీనికి అసలు శత్రువు కుక్కర్ అనుకుంటారు గానీ, దానికంటే ముందుది పోపు మూకుడు, ఆ తర్వాత దోశ పెనం. కుక్కర్లో నీళ్లున్నంతసేపూ లోపల 120 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఖాళీ పెనం, నూనె కాగిన మూకుడు అడుగు మాత్రం 200 సులువుగా దాటేస్తాయి. అలాగని కుక్కర్‌ను నేరుగా దించమని కాదు. రంగు మారకపోయినా, పలకలో ఒక్కచోట వేడెక్కి వ్యాకోచించి, పక్కన చల్లగా ఉంటే చీలిక రావచ్చు. సింక్ కటింగ్ మూల దగ్గరో, జాయింట్ దగ్గరో దించితే ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. షాపులో లైటర్ వెలిగించి రాయి మీద పెట్టి "చూడండి సార్, ఏం కాలేదు" అంటారే, ఆ అయిదు సెకన్ల మంటకూ పావుగంట కూర్చున్న మూకుడుకూ సంబంధం లేదు.

ఇంట్లో వండేవాళ్లు ప్రతిసారీ స్టాండ్ మీదే దించుతారా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోండి. కొత్తలో దించుతారు. ఆర్నెల్లయ్యాక, పండగ రోజు, నాలుగు పొయ్యిలూ వెలుగుతున్నప్పుడు? ఆ అలవాటు లేని ఇంట్లో స్టవ్ కింద, దాని కుడి ఎడమల ఓ అడుగు చొప్పున గ్రానైట్ వేసి, మిగతా గట్టుకు క్వార్ట్జ్ వేయించడం నా సలహా. చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గానీ, ఏ మచ్చా లేని నల్ల గ్రానైట్ గానీ బూడిద చారల తెల్ల పలక పక్కన అతుకులా కాదు, కావాలని చేసినట్టే ఉంటుంది. రెండిటి మందం ఒకటే ఉండేలా ముందే కొలిపించండి. 20 మి.మీ. అని అమ్మే గ్రానైట్ చాలాసార్లు 17, 18 మాత్రమే ఉంటుంది, అప్పుడు అతుకు దగ్గర మెట్టు వస్తుంది.

ఇప్పుడు మరకలు. అసలు మార్బుల్ కాల్షియం కార్బొనేట్. నిమ్మరసం, చింతపండు, పెరుగు ఏది పడినా మెరుపు తినేసి మొద్దుబారిన మచ్చ మిగులుతుంది. మన వంటకు అది అసలు పనికిరాదు. క్వార్ట్జ్‌కు ఆ బాధ లేదు. పసుపు మాత్రం వేరే కథ. పసుపులోని రంగు నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది, ప్లాస్టిక్‌కు ఇష్టంగా అంటుకుంటుంది. పోపు నూనె, పసుపు కలిసి రాత్రంతా తెల్ల పలక మీద ఉంటే పొద్దునకి లేత పసుపు నీడ మిగులుతుంది. గంటలోపు తుడిస్తే ఏమీ ఉండదు. మిగిలితే గిన్నెల లిక్విడ్‌తో జిడ్డు తీసి, వంటసోడా ముద్ద పదినిమిషాలు పెట్టి తుడవండి. ఇంకా ఉంటే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో టిష్యూ తడిపి అరగంట పరచండి. అన్నట్టు, గిన్నెల సబ్బుబిళ్ళతో రుద్దితే ఆ పసుపు ఒక్కసారిగా ఎర్రబడుతుంది. కంగారు పడకండి, పసుపు, సున్నం కలిస్తే పారాణి ఎర్రబడ్డట్టే ఇది కూడా. క్షారం కడిగేస్తే మళ్లీ పసుపులోకి వస్తుంది.

స్టీలు గిన్నెలు లాగినచోట సన్నటి బూడిద గీతలు పడితే రాయి గీసుకుపోయిందనుకుంటారు. చాలాసార్లు గీసుకుపోయింది గిన్నె. దాని లోహం రాయికి అంటుకుంది. క్రీములాంటి క్లీనర్‌తో తడిగుడ్డ పెట్టి రుద్దితే పోతుంది. ఇవి పాలిష్ పలక కన్నా మ్యాట్ పలక మీద ఎక్కువ పట్టుకుంటాయి, వేలిముద్రలు, నూనె చేతులు కూడా. మ్యాట్ ఫినిష్ ఫొటోల్లో అందంగా ఉంటుంది, రోజూ పోపు వేసే గట్టుకు పాలిషే నయం.

కొనేచోట మోసపోయేది ఎక్కువగా పేర్ల దగ్గర. "నానో వైట్" అంటే క్వార్ట్జ్ కాదు, గట్టిపరిచిన గాజులాంటిది. తెల్లగా మెరుస్తుంది గానీ అంచు చిట్లితే సరిచేయడం కష్టం, పైపొర అరిగితే లోపలి సన్నటి బుడగలు బయటపడి మురికి పట్టుకుంటాయి. "కొరియన్ టాప్" అని అమ్మేది యాక్రిలిక్. అతుకు కనిపించకుండా అతుకుతుంది, గీతలు తేలిగ్గా పడతాయి, వేడికి ఇంకా సున్నితం. "కాంపోజిట్ మార్బుల్", "ఇంజనీర్డ్ మార్బుల్" అంటే రెజిన్‌లో కలిపింది మార్బుల్ రవ్వ. పులుపుకు మార్బుల్ లాగే దెబ్బతింటుంది. చివరిది క్వార్ట్జ్ పక్కన పెడితే కంటికి తేడా తెలియదు. అందుకే శాంపిల్ ముక్క అడిగి ఇంటికి తెచ్చుకోండి. ఒకవైపు నిమ్మరసం, ఇంకోవైపు పసుపు కలిపిన వేడి నూనె, మూడోచోట కాఫీ డికాషన్ చుక్కలు వేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున్న తుడిచి వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూడండి. నిమ్మరసం పడ్డచోట మెరుపు పోతే అది క్వార్ట్జ్ కాదు, లేదా అందులో సున్నపురాయి పొడి బాగా కలిపారు.

అదే ముక్కలో ఇంకోటి చూడండి: కోసిన అంచు. పైన కనిపించే చార పక్కనుంచి కిందికి దిగిందా, లేక పైపొరలోనే ఆగిందా? చవక పలకల్లో చార పైన అచ్చు వేసినట్టు ఉంటుంది, అంచు మోల్డింగ్ చేయగానే తెల్లగా మొండిగా ఆగిపోతుంది. సింక్ కింద నుంచి బిగించే రకమైతే ఆ మొండి అంచు రోజూ కళ్లెదురుగా ఉంటుంది. పూర్తి లోతు చార ఉన్నదానికి ధర ఎక్కువ, ఆ తేడా పెట్టదగిందే. డబ్బు సరిపోకపోతే పెద్ద చారలు వదిలేసి సన్నటి పొగమంచు చారల రకం తీసుకోండి, అంచులో అసలు తెలియదు.

కలకట్టా అన్నారు. మన కలకత్తాకూ దానికీ సంబంధం లేదు, ఇటలీ కరారా కొండల మార్బుల్ అది. తెల్లని నేల మీద వెడల్పాటి, దూరం దూరంగా పాకే చారలు. అదే కొండల నుంచి కరారా అనే పేరుతో వచ్చేది కాస్త బూడిద నేల, సన్నటి ఈకల్లాంటి చారలు. క్వార్ట్జ్ కంపెనీలన్నీ ఈ పేర్లనే వాడుకుంటాయి. మీ ఎల్ కిచెన్‌కు ఈ రెండిటి మధ్య తేడా అందానిది మాత్రమే కాదు, పలకల లెక్కది.

గట్టంతా క్వార్ట్జే, లోతు 25 అంగుళాలు అనుకుందాం, అంటే 635 మి.మీ. ఎల్‌లో పొడుగు కాలు 10 అడుగులు, రెండో కాలు 7 అడుగుల్లో మూల పోగా 4 అడుగుల 11 అంగుళాలు. రెండూ కలిపి 31 చదరపు అడుగులు. గోడకు 4 అంగుళాల స్కర్టింగ్ 17 అడుగులు వేస్తే ఇంకో 5.7. మొత్తం 37. మామూలు పలక 3050 × 1440 మి.మీ., అంటే 47 చదరపు అడుగులు. "ఒక పలక సరిపోతుంది, పది మిగులుతుంది" అనిపిస్తుంది. సరిపోదు. మీ పొడుగు కాలు 3048 మి.మీ. పలక అంచులు చిట్లి ఉంటాయి, ప్రతివైపూ 10, 20 మి.మీ. కోసి పారేయాలి. అంటే పొడుగు కాల్లోనే ఒక అతుకు వస్తుంది. జంబో పలక, 3250 × 1600 మి.మీ. చుట్టుపక్కల ఉండేది తీసుకుంటే 635 చొప్పున రెండు వరసలు, స్కర్టింగ్‌కు 100 చొప్పున రెండు వరసలు హాయిగా దిగుతాయి. రెండో వరసలో 1,700 × 635 మి.మీ. ముక్క మిగులుతుంది. 4 అడుగుల బేసిన్ కౌంటర్ ఒకటి అందులో వచ్చేస్తుంది, పైగా ఒకే బ్యాచ్ రంగు. కోట్ అడిగేటప్పుడు "చదరపు అడుగు ఎంత" అని కాదు, "ఏ కొలత పలకలు ఎన్ని, మిగిలిన ముక్కలు ఎవరివి" అని అడగండి.

ఇక చార దిక్కు. చాలా పలకల్లో చారలు పొడుగునా, లేదా ఏటవాలుగా పోతాయి. పై లెక్కలో రెండు కాళ్లూ పలక పొడుగునే కోశాం. గదిలో బిగించాక మూల దగ్గర ఒకదాని చారలు ఇంకోదాన్ని అడ్డంగా గుద్దుతాయి. కరారా రకమైతే ఎవరూ గమనించరు. కలకట్టా రకమైతే ఇంట్లోకి రాగానే అదే కనిపిస్తుంది. చారలు ఒకే దిక్కున సాగాలంటే రెండో కాలును పలకకు అడ్డంగా కోయాలి. దానికి 1,500 మి.మీ. వెడల్పు కావాలి. మొదటి వరస పోయాక పలకలో మిగిలేది 965. కాబట్టి రెండో పలక కొనాల్సిందే. 45 డిగ్రీల ఏటవాలు అతుకు పెడితే ఫొటో ఫ్రేమ్ మూలలా చార మలుపు తిరుగుతుంది, అందంగానే ఉంటుంది. కాకపోతే గోడ మూలవైపు కోసు సూదిలా మిగిలి చిట్లుతుంది, ముక్కలు కూడా ఎక్కువ వృథా. నన్నడిగితే ఎల్ గట్టుకు సన్న చార, మలుపు లేని తిన్నని గట్టుకో బాత్రూమ్ కౌంటర్‌కో పెద్ద చార. పెద్ద చారే కావాలంటే కోతకు ముందు పలక ఫొటో మీద మీ కిచెన్ కొలతలు గీయించి, ఏ చార ఎక్కడ పడుతుందో చూసి ఒప్పుకోండి. రెండు పలకలైతే బ్యాచ్ నంబర్ ఒకటే ఉండాలి, రెండూ పక్కపక్కన నిలబెట్టి పగటి వెలుతురులో చూడాలి. ఒకటి నీలం తెలుపు, ఒకటి పాల తెలుపు అయితే ట్యూబ్‌లైటు కింద తెలియదు, కిటికీ పక్కన తెలుస్తుంది.

మందం 20 మి.మీ. తీసుకోండి. చదరపు అడుగుకు నాలుగున్నర కిలోలు ఉంటుంది, జంబో పలక రెండున్నర క్వింటాళ్లు, లిఫ్ట్‌లో పట్టదు. మెట్ల మీద మోయడానికి నలుగురు మనుషులు, ముక్కల కొలతలు ముందే చూసుకోవాలి. 15 మి.మీ. పలక అయితే సింక్ ముందు, వెనక మిగిలే సన్నటి పట్టీల దగ్గర విరుగుతుంది. ఆ పట్టీలు కనీసం 60, 70 మి.మీ. ఉంచమనండి. సింక్, హాబ్ (గట్టులోకి దించి బిగించే స్టవ్) కటింగ్ మూలలు చతురస్రంగా కోయకూడదు. ముందు నాలుగు మూలల్లో రంధ్రం వేసి, వాటిని కలుపుతూ కోస్తే మూల గుండ్రంగా వస్తుంది. సూది మూల నుంచే చీలిక మొదలవుతుంది. గట్టు మీద పగుళ్లలో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే. హాబ్ కటింగ్ హాబ్ పెట్టె కన్నా చుట్టూ అయిదారు మి.మీ. పెద్దగా ఉండాలి, కోసిన అంచుకు అల్యూమినియం టేపు వేయాలి. అతుకు సింక్ మీదా, హాబ్ మీదా పడకూడదు.

బిగింపులో మన మేస్త్రీల అలవాటు ఒకటి ఆపించాలి. కడప బండ మీద గ్రానైట్ వేసినట్టు సిమెంటు పాలు పోసి దీన్ని పరచకూడదు. ఒకవైపే తడి పట్టిన రెజిన్ పలక వంగుతుంది, పైగా సిమెంటు బిగపట్టేస్తే వేడికి వ్యాకోచించే చోటు ఉండదు. కడప బండ గానీ ప్లైవుడ్ బాక్సులు గానీ ముందు లెవెల్ చూడండి. మూడు మీటర్లకు 3 మి.మీ. మించి తేడా ఉండకూడదు. ఆ పైన అడుగుకొకటి చొప్పున సిలికాన్ ముద్దలు పెట్టి పలక దించాలి. గోడకు 2, 3 మి.మీ. ఖాళీ వదిలి సిలికాన్ నింపాలి, స్కర్టింగ్ దాన్ని కప్పేస్తుంది. ముందు అంచు పదునుగా ఉంచకండి, 3 మి.మీ. గుండ్రం చాలు. కొబ్బరికాయ కొట్టడానికి, దంచడానికి ఈ గట్టు పనికిరాదు, కిందే. పలక అడుగున ముందు అంచుకు అరంగుళం లోపల చిన్న గాడి వేయిస్తే, ఒలికిన నీళ్లు అక్కడే రాలిపోతాయి, షట్టర్ల ప్లైవుడ్ ఉబ్బదు. దీనికి ఖర్చు దాదాపు ఏమీ ఉండదు, ఎవరూ అడగరు, అందుకే ఎవరూ వేయరు. సీలర్, మైనం ఏవీ ఈ రాయికి అక్కర్లేదు. "ఏటా సీలర్ కొట్టాలి" అంటే వేరే రాయి గురించి చెబుతున్నట్టు.

బాత్రూమ్ సులువు. బేసిన్ కౌంటర్‌కు 15 మి.మీ. కూడా చాలు, కింద ఫ్రేమ్ ఉంటే. ట్యాప్ రంధ్రం 35 మి.మీ., బేసిన్ తెచ్చాకే వేయించండి, కేటలాగ్ కొలతతో కాదు. బోరు నీళ్ల తెల్ల ఉప్పుపొర నల్ల గ్రానైట్ మీద రోజూ కనిపిస్తుంది, ఈ తెల్ల చారల రాయి దాన్ని దాచేస్తుంది. హైదరాబాద్ శివార్లలో ఇదే దీనికి పెద్ద సుగుణం. పేరుకుపోయిన చోట నీళ్లు కలిపిన వెనిగర్ తుడిచి వెంటనే కడగండి. బాత్రూమ్ యాసిడ్ దీని మీద వద్దు, మూత తీసి పక్కన పెట్టడమూ వద్దు, దాని ఆవిరికి ట్యాపులు, అతుకులు పోతాయి. డ్రైనేజీ తీసే కాస్టిక్ సోడా, పెయింట్ తీసే ద్రావకం రెజిన్‌ను తినేస్తాయి. జుట్టు రంగు పడితే అప్పటికప్పుడు తుడవాలి. ఆరిపోతే పసుపు కన్నా మొండిది. షవర్ గోడకు పలక వేయాలంటే 12 మి.మీ. చాలు, దానికి మాత్రం నీళ్ల సిమెంటు గమ్ కాకుండా ఎపాక్సీ గానీ పాలియురెథేన్ గానీ అడగండి, కారణం పైన చెప్పిందే. పాలిష్ క్వార్ట్జ్ నేలకు వద్దు, తడిస్తే జారుతుంది. నేరుగా ఎండ పడే బాల్కనీ గట్టుకు, వాష్ ఏరియాకు కూడా వద్దు, ఎండకు రెజిన్ పసుపెక్కుతుంది. ఆ చోట్లకు గ్రానైట్ ఉంది కదా.

ఇంకో విషయం, ఇది మీ గట్టు అందం గురించి కాదు. ఈ రాయిలో స్ఫటిక సిలికా 90 శాతం దాకా ఉంటుంది, గ్రానైట్‌లో మూడో వంతు అటూ ఇటూ. పొడిగా కోస్తే లేచే సన్నటి ధూళి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. ఈ జబ్బు వల్లనే ఆస్ట్రేలియా 2024 జులై 1 నుంచి ఈ రకం పలకలను నిషేధించింది. కాబట్టి మీ హాల్లో పొడి కటింగ్ మెషిన్ పెట్టనివ్వకండి. కొలతల టెంప్లేట్ తీసుకెళ్లి ఫ్యాక్టరీలో నీళ్లు పడే యంత్రం మీద, సింక్, హాబ్ కటింగ్‌లు, మోల్డింగ్‌తో సహా పూర్తి చేసి తెమ్మనండి. సైట్‌లో చిన్న సవరణ తప్పకపోతే నీళ్లు పోస్తూ, మంచి మాస్కులతో, బాల్కనీలో. సిలికా తగ్గించిన రకాలు కూడా ఇప్పుడు పెద్ద కంపెనీలు తెస్తున్నాయి, దొరికితే అదే అడగండి.

బిల్లు మీద రాయించాల్సినవి: బ్రాండ్, రంగు పేరు, పలక కొలత, మందం, బ్యాచ్ నంబర్, కటింగ్‌లు, అంచు రకం, అతుకులు ఎక్కడ. వారంటీ కార్డు చదవండి, అందులో వేడి, ఎండ, బిగింపు లోపం మూడూ మినహాయింపుల్లోనే ఉంటాయి. చివరి చెల్లింపుకు ముందు పలక మీద టార్చి లైటు పడుకోబెట్టి పట్టండి. సూది రంధ్రాలు, పాలిష్ మొద్దుబారిన మచ్చలు, రెజిన్ గడ్డకట్టిన చుక్కలు అప్పుడే కనిపిస్తాయి. అతుకు మీద గోరు పెట్టి గీకండి, గోరు ఆగితే మళ్లీ చేయించండి. సింక్‌లో నీళ్లు నింపి ఒక్కసారిగా వదిలి, కింద చేయిపెట్టి చూసి, అప్పుడు డబ్బులివ్వండి.